కళా ప్రదర్శన సమీక్ష: చూసినదానికి సాక్ష్యం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• వార్తకు, ప్రశంసకు, సమీక్షకు మధ్య తేడా చెప్పగలుగుతారు.
• ఒక్కో కళారూపాన్ని దాని సొంత కొలతతో ఎందుకు అంచనా వేయాలో వివరించగలుగుతారు.
• ప్రదర్శనలోని గుణదోషాలకు ఆధారం చూపగలుగుతారు.
• మీ ఊళ్ళో చూసిన ఒక ప్రదర్శన మీద సుమారు 300 పదాల సమీక్ష రాయగలుగుతారు.

7.1 పరిచయం

మీది కంచిలి అనుకుందాం. అమ్మవారి సంబరంలో రాత్రి తప్పెటగుళ్ళు ఆడారు. మీరు చివరిదాకా నిలబడి చూశారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి: "అమ్మవారి సంబరాలు ఘనంగా జరిగాయి. ఈ సందర్భంగా ఏర్పాటు చేసిన సాంస్కృతిక కార్యక్రమాలు విశేషంగా ఆకట్టుకున్నాయి." ఆ తరవాత వేదిక మీద కూర్చున్న పెద్దల పేర్లు. ఆడినవారి పేరు ఒక్కటీ లేదు.

ఈ వార్తలో అబద్ధం లేదు. కానీ మీరు చూసింది ఇందులో లేదు. తప్పెటగుళ్ళకు బదులు కోలాటం జరిగినా, కంచిలికి బదులు టెక్కలిలో జరిగినా ఇందులో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. ఏ ప్రదర్శనకైనా సరిపోయే మాట ఏ ప్రదర్శన గురించీ చెప్పదు.

2020లో విడుదలైన 'పలాస 1978' సినిమాలో కథానాయకులు జానపద కళాకారుల కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు. ఆ సినిమా బాగోగుల మీద విడుదలైన రోజే సమీక్షలు వచ్చాయి. కానీ ఉద్దానంలో సంబరాల్లో ఆడే దళాలకు జీవితకాలంలో ఒక్క సమీక్ష రావడం కూడా అరుదు. వాళ్ళను ఎవరూ తిట్టరు, అందరూ పొగుడుతారు. ఆ పొగడ్త చూడకుండా చెప్పేది కాబట్టి అది కూడా ఒక రకమైన నిర్లక్ష్యమే. ఈ లోటును మీలాంటి స్థానిక పాఠకులు, ప్రేక్షకులు ఎలా తీర్చవచ్చో ఈ భాగంలో తెలుసుకుంటారు.

7.2 వార్త, ప్రశంస, సమీక్ష

వార్త "ఏం జరిగింది" అని చెబుతుంది. ప్రశంస "బాగుంది" అని చెబుతుంది. సమీక్ష మూడు పనులు చేయాలి: ఏం జరిగిందో కళ్ళకు కట్టాలి, దాని అర్థమేమిటో చెప్పాలి, అది ఎంతవరకు నెరవేరిందో తేల్చాలి. వీటినే వర్ణన, వ్యాఖ్యానం, మూల్యాంకనం అంటాం. ఈ వరస ముఖ్యం. వర్ణన లేని మూల్యాంకనాన్ని పాఠకుడు నమ్మడానికి ఆధారం ఉండదు.

ఇక్కడ విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒకటుంది. ప్రదర్శనను చూసి వచ్చి, పుస్తకం తెరిచి, అందులో ఉన్నది రాసేస్తారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' (1992) వంటి గ్రంథాలు మనకు ఎంతో విలువైనవి. ఒక రూపం ఎలా ఉంటుందో, ఎక్కడ ఉందో, ఎవరు ఆడతారో అవి చెబుతాయి. అయితే పుస్తకంలో తప్పెటగుళ్ళు ఉంటాయి గాని నిన్న రాత్రి ఆడిన దళం ఉండదు. సమీక్షకు వస్తువు నిన్నటి రాత్రి. పుస్తకం నుంచి తీసుకున్న సమాచారం సమీక్షలో రెండు మూడు వాక్యాలకు మించితే మీరు వ్యాసం రాస్తున్నారని గుర్తించండి.

7.3 తీర్పు చెప్పే అర్హత ఎవరిది?

"నాకు తాళం తెలియదు, రాగం తెలియదు. నేనేం రాయగలను?" అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ప్రదర్శన సిద్ధించిందో లేదో ఎలా తెలుసుకోవాలో చర్చిస్తుంది. అందులో ప్రాశ్నికులు, అంటే నిర్ణేతలు, పదిమంది కనిపిస్తారు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణవేత్త, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజోద్యోగి. ఎవరికి తెలిసిన విషయంలో వారే తీర్పరి. రంగం మీద విల్లు పట్టిన తీరును విలుకాడు చెప్పాలి, పద్యం నడకను ఛందస్సు తెలిసినవాడు చెప్పాలి.

దీన్ని మన ఊరికి అన్వయించుకుందాం. తప్పెటగుళ్ళలో గంగమ్మ కథ పాడుతున్నప్పుడు గొర్రెల మందను తోలే తీరు అభినయిస్తే, అది సరిగా ఉందో లేదో మంద వెంట తిరిగిన ముసలాయనకు తెలిసినట్టు మనకు తెలియదు. అంచేత ప్రదర్శన అయ్యాక ఆయన పక్కన కూర్చుని అడగడం సమీక్షకుడి పనిలో భాగం. అన్నీ మనకే తెలిసి ఉండాలన్న నియమం లేదు. ఎవరికి ఏది తెలుసో మనకు తెలిస్తే చాలు.

అదే అధ్యాయం ప్రేక్షకుల స్పందనను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చిరునవ్వు, పెద్ద నవ్వు, మెచ్చుకోలు మాటలు, ఒళ్ళు గగుర్పొడవడం, లేచి నిలబడడం, బట్టలు, ఉంగరాలు బహూకరించడం వంటివన్నీ మానుష సిద్ధికి గుర్తులు. చప్పుడు లేకుండా, అలజడి లేకుండా నిండిన సభ దైవ సిద్ధికి గుర్తు. మన సంబరాల్లో ఈలలు, చప్పట్లు, చదివింపులు మొదటి రకం. పసిపిల్లలు కూడా కదలకుండా చూసే ఆ నాలుగు నిమిషాలు రెండో రకం. ఈలలు అందరూ రాస్తారు. నిశ్శబ్దం ఎప్పుడు వచ్చిందో గమనించినవాడు మంచి సమీక్షకుడు.

గాలి, వాన, నిప్పు, పాము వంటివాటి వల్ల ప్రదర్శన చెడితే అది దైవికమైన ఆటంకమని, నటుడు తన భాగం మరిచిపోతే అది అతని దోషమని కూడా ఆ గ్రంథం వేరు చేసింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన ప్రాంతం మనది, గాలివానలు మనకు కొత్త కాదు. కరెంటు పోయిందా, మైకు మొరాయించిందా, పక్క వీధి ఊరేగింపు డీజే పాటను మింగేసిందా? వీటిని రాయండి. కానీ కళాకారుల ఖాతాలో వేయకండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
(అ) సమీక్షకు, కళారూపాన్ని పరిచయం చేసే వ్యాసానికి తేడా ఏమిటి?
(ఆ) ప్రాశ్నికులు పదిమంది ఉండడంలోని ఆంతర్యాన్ని మీ మాటల్లో రాయండి.

7.4 కొలత ఎక్కడి నుంచి తేవాలి?

తప్పెటగుళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలకు చెందిన కళ. యాదవులు వంశపారంపర్యంగా ఆడుతున్నారు. రేకుతో చేసిన గుండ్రని తప్పెటను మెడలోంచి గుండెల మీదికి వేలాడదీసుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో వలయంగా తిరుగుతూ పాడతారు. గుండె మీద మోగుతుంది కాబట్టి 'తప్పెటగుండ్లు' అని కూడా అంటారు.

ఈ వర్ణనలోనే కొలత ఉంది. ఒకే మనిషి ఏకకాలంలో వాయించాలి, పాడాలి, ఆడాలి. కాబట్టి సమీక్షకుడి మొదటి ప్రశ్న "గొంతు శ్రావ్యంగా ఉందా?" అనేది కాదు. వేగం పెరిగినప్పుడు ఆ మూడూ కలిసే ఉన్నాయా, లేక ఏదో ఒకటి జారిపోయిందా అన్నది. రెండో ప్రశ్న వలయం గురించి. పదిహేను మంది ఒక్క అడుగుగా కదిలారా? మూడో ప్రశ్న కథ గురించి. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసాలు కథను ముందుకు నడిపాయా, లేక కథను ఆపి చూపించిన సర్కస్ అయ్యాయా?

సభా కచేరీకి వాడే కొలతను ఇక్కడ వాడితే "గొంతు బొంగురు" అని రాయవలసి వస్తుంది. పద్యనాటకానికి వాడే కొలత తెస్తే "అభినయం తక్కువ" అంటారు. తరాజు మంచిదే కావచ్చు, కానీ దానితో పొడవు కొలవలేం. అలాగని "ఇది జానపదం కాబట్టి ఎలా ఉన్నా మెచ్చుకోవాలి" అనడం కూడా తప్పే. ఆ మాట వెనుక జాలి ఉంది. ఏళ్ళు సాధన చేసినవాడికి ఎక్కడ బాగా చేశాడో, ఎక్కడ తప్పాడో తెలుసు. అది గుర్తించే ప్రేక్షకుడు దొరకడమే అతనికి గౌరవం.

కంచిలి, ఇచ్ఛాపురం పరిసరాల్లో ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ నేల 1936 వరకు గంజాం జిల్లాలో భాగం. ఇక్కడ తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపిస్తాయి. గంజాంలో చైత్రమాసంలో సాగే దండనాట వంటివి చూసిన ప్రేక్షకుడి చెవి, కన్ను వేరుగా ఉంటాయి. ఒక పాట నడకలో ఒడియా ఛాయ వినిపిస్తే దాన్ని కల్తీ అని రాయకండి. ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి రాయండి.

7.5 పాత రూపం, కొత్త విషయం

జముకుల కథలో వాడే జముకు ఒక గుల్ల వాయిద్యం. ఒకవైపు చర్మం, దాని మధ్య నుంచి లాగిన నరపు తీగ. చంకలో ఇరికించి తీగను బిగిస్తూ, సడలిస్తూ మీటితే స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. అది ఏడ్చినట్టూ, వెక్కిరించినట్టూ పలకగలదు. అమ్మవార్ల కథలు చెప్పిన ఈ వాయిద్యాన్ని 1960ల చివర ఉద్దానంలోని బొడ్డపాడు కేంద్రంగా సుబ్బారావు పాణిగ్రాహి రైతు కూలీల కథ చెప్పడానికి వాడారు. 1969 డిసెంబరులో ఆయన ఎన్‌కౌంటర్‌లో మరణించారు. తరవాతి కాలంలో, 1990లలో, అక్షరాస్యతా ఉద్యమం కళాజాతలను ఊరూరా తిప్పింది. ఇప్పుడు ప్రభుత్వ పథకాల ప్రచారానికీ ఈ రూపాలనే పిలుస్తున్నారు.

ఈ మూడు సందర్భాల ఉద్దేశాలు వేరు, మీరు వాటితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. సమీక్షకుడిగా మీరు అడగవలసిన ప్రశ్న మాత్రం అన్నిటికీ ఒకటే: కొత్త విషయం ఆ రూపంలోకి దిగిందా, లేక పైన అతికించినట్టు ఉందా? జముకు స్వరం ఊగేది ఒక మనిషి కష్టం చెప్పడానికి. కరపత్రంలోని నిబంధనల జాబితాను అదే స్వరంలో చదివితే వాయిద్యం వృథా అవుతుంది. ప్రేక్షకులు జముకు మోగినంతసేపూ కూర్చుని, జాబితా మొదలవగానే లేచిపోతే ఆ సంగతి రాయాలి. అది కళాకారుల మీద ఫిర్యాదు కాదు. వాళ్ళకు ఏం పాడాలో రాసిచ్చినవారికి అందవలసిన సమాచారం.

7.6 విషయం గొప్పదైతే ప్రదర్శన గొప్పదా?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు తాకని ఊరు తక్కువ. ఆ జబ్బు మీద కాలేజీ పిల్లలు ఒక వీధి నాటకం వేశారనుకోండి. చూసినవారిలో కొందరి కళ్ళు చెమర్చాయి. మీరు ఏం రాస్తారు?

ఇక్కడే సమీక్షకుడికి అసలు పరీక్ష. కన్నీళ్ళు నాటకం తెప్పించినవా, చూసేవారు తమ ఇంటి నుంచి తెచ్చుకున్నవా? డయాలసిస్‌కు వెళ్ళివచ్చే తండ్రి ఉన్న మనిషికి రంగం మీద ఒక మంచం కనిపిస్తే చాలు, కన్నీళ్ళు వస్తాయి. ఆ దుఃఖాన్ని నాటకం ఇంకో మెట్టు ఎక్కించిందా, కొత్తగా ఏమైనా చూపించిందా అన్నది మీరు చెప్పాలి. విషయం మంచిది కాబట్టి నాటకం మంచిదన్న తర్కం కళకూ, ఆ రోగులకూ మేలు చేయదు.

ఇంకొకటి. నాటకంలో ఒక డాక్టరు పాత్ర "ఈ జబ్బుకు నీళ్ళే కారణం" అని తేల్చి చెప్పిందనుకోండి. ఎన్నో పరిశోధనలు జరిగినా ఉద్దానం జబ్బుకు కారణం ఇదొక్కటే అని ఇంకా రుజువు కాలేదు. కథకు స్వేచ్ఛ ఉంది. కానీ అవగాహన కోసం ఆడుతున్నామని చెప్పుకున్న నాటకం అనుమానాన్ని నిజంగా చెబితే, సమీక్షకుడు ఆ వాక్యాన్ని ఎత్తి చూపాలి. నటనను మెచ్చుకుంటూనే ఈ పని చేయవచ్చు.

7.7 తెలిసినవారి గురించి రాయడం

మహానగరంలో సమీక్షకుడు నటుడికి ఎదురుపడకపోవచ్చు. కంచిలి బజారులో మీరు తెల్లారేసరికి ఎదురుపడతారు. దళంలో తప్పెట వాయించినవాడు మీ చిన్నాన్నకు నేస్తం కావచ్చు. "ఏం బావూ, మా ఆట గురించి అలా రాసినావేటి?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పగలిగే వాక్యమే రాయండి. "ఆట పేలవంగా ఉంది" అని రాస్తే మీ దగ్గర జవాబు ఉండదు. "రెండో వలయంలో వేగం పెరిగాక వెనకున్న నలుగురి గొంతులు వినిపించలేదు" అని రాస్తే, ఆయన బహుశా "నిజమే బావూ, అక్కడ ఊపిరి అందలేదు" అంటాడు. మొదటి వాక్యం మనిషిని కొడుతుంది. రెండోది పనిని చూపిస్తుంది.

ఈ దగ్గరితనం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. నొప్పిస్తామేమోనని తప్పు దాచడం. మీకు ప్రదర్శకులతో బంధుత్వం ఉంటే సమీక్షలో ఒక మాటలో చెప్పేయండి. ఆ మాట చదివాక మీ ప్రశంసను ఎంత నమ్మాలో పాఠకుడే నిర్ణయించుకుంటాడు.

భాష విషయంలోనూ ఇదే నియమం. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) ఈ జిల్లాలోని శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సమీక్ష చదివి ఆడినవాడికి అర్థం కాకపోతే ఆయన చేసిన పని మనం మరిచినట్టే. 'అద్భుతం', 'అమోఘం', 'నభూతో నభవిష్యతి' అన్న మాటలు తీసేసి చూడండి. ఏమీ మిగలకపోతే మీరింకా సమీక్ష మొదలుపెట్టలేదని అర్థం.

7.8 రాసే పద్ధతి, నమూనా

ప్రదర్శనకు ముందే వెళ్ళండి. చిన్న పుస్తకంలో చోటు, సమయం, ఎంతమంది ఆడారు, ఏ కథ, ఎంతసేపు అన్నవి రాసుకోండి. పేర్లు వారినే అడిగి సరిచూసుకోండి. చోటు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. సోంపేట పేరున్న రైల్వే స్టేషనులో దిగినవాడు నిలబడేది కంచిలిలో. బయటివాడు తప్పు రాస్తే పొరపాటు అంటారు, మనం రాస్తే చూడలేదంటారు. ఆ రాత్రే ఒక పేజీ రాసి, మర్నాడు తిరిగి చదివి, ఆధారం లేని ప్రతి విశేషణాన్నీ కొట్టేయండి.

కింది నమూనా అభ్యాసం కోసం కల్పించినది.

"సంబరంలో మొన్న రాత్రి పదహారు మంది తప్పెటగుళ్ళ దళం 'లక్ష్మణమూర్ఛ' ఆడింది. తొమ్మిదింటికి వాళ్ళను అతిథుల కోసం కట్టిన స్టేజీ మీదికి ఎక్కించారు. ఆ చోటు వలయానికి చాలలేదు. తిరగవలసినవారు అర్ధచంద్రంలా ముందుకు తిరిగి నిలబడ్డారు. మైకు ఒక్క నాయకుడి ముందే ఉండడంతో వంత పాడేవారి గొంతులు స్టేజీ దాటలేదు. ముందు వరస చప్పట్లు కొట్టింది, వెనకవాళ్ళు కబుర్లలో పడ్డారు. పదిన్నరకు అతిథులు వెళ్ళిపోయాక దళం నేల మీదికి దిగింది. మైకు వదిలేసింది. జనం చుట్టూ చేరారు. గజ్జెల చప్పుడు అప్పుడు గాని వినిపించలేదు. లక్ష్మణుడు పడిపోయిన చోట నాయకుడు తప్పెటను అరచేత్తో అదిమి, ఒక్క వేలితో మాత్రమే మోగించాడు. రాముడి ఏడుపు ఆ సన్నని చప్పుడు మీద నడిచింది. నాలుగు నిమిషాలు ఎవరూ కదల్లేదు. అయితే హనుమంతుడు సంజీవి తెచ్చే ఘట్టంలో వరసగా విన్యాసాలు మొదలై, ఆ దుఃఖం ఎక్కడ తీరిందో తెలియకుండా కథ ముగిసింది. ఇద్దరు కుర్రాళ్ళు భుజాల మీద నిలబడినప్పుడు ఈలలు పడ్డాయి, కానీ లక్ష్మణుడు లేచిన సంగతి చాలామంది గమనించలేదు. దళానికి లక్ష్మణుణ్ణి లేపే ఘట్టం మీద ఇంకొంత పని ఉంది. నిర్వాహకులకు మాత్రం ఒక్కటే మాట: వచ్చే ఏడు వాళ్ళకు స్టేజీ వద్దు, నేల ఇవ్వండి."

ఈ నమూనాలో 'బాగుంది', 'బాగాలేదు' అన్న మాటలు లేవు. అయినా మూడు తీర్పులున్నాయి: స్టేజీ ఆ కళను కుదించింది, దళం దుఃఖాన్ని పలికించగలదు, ముగింపు కథను వదిలేసింది. మొదటి తీర్పు నిర్వాహకుల మీద, తక్కినవి కళాకారుల మీద. ఎవరి బాధ్యత వారికి చెందింది. ప్రతి తీర్పుకూ ముందు కంటితో చూసిన లేదా చెవితో విన్న ఒక వివరం ఉంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
(అ) నమూనా సమీక్షలోని మూడు తీర్పులకు ఆధారమైన వాక్యాలను గుర్తించండి.
(ఆ) "దళం అద్భుతంగా ఆడి ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేసింది" అన్న వాక్యాన్ని, వివరాలను ఊహించుకుని, సమీక్ష వాక్యంగా మార్చండి.

7.9 సారాంశం

సమీక్ష అంటే ఒక రాత్రి, ఒక చోట, కొందరు చేసిన పనికి బాధ్యతతో చెప్పే సాక్ష్యం. అది వర్ణనతో మొదలై మూల్యాంకనానికి చేరుతుంది. కొలతను ఆ కళారూపం నుంచే తీసుకోవాలి. ఎవరికి ఏది తెలుసో కనుక్కుని అడగాలి. కళాకారుల దోషాలను, ఆటంకాలను, నిర్వాహకుల లోపాలను వేరు చేయాలి. విషయం గొప్పతనాన్ని ప్రదర్శన గొప్పతనంగా పొరబడకూడదు. రాసిన ప్రతి మాటకూ ఆడినవారి ఎదుట నిలబడి జవాబు చెప్పగలగాలి. మీరు రాసిన కాగితం ఏ పత్రికలోనూ అచ్చు కాకపోయినా, దళం నాయకుడికి ఒక ప్రతి ఇవ్వండి. తమ ఆటను ఒకరు చివరిదాకా చూశారన్న రుజువు వాళ్ళ దగ్గర ఉంటుంది.

7.10 నమూనా ప్రశ్నలు

I. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కళా ప్రదర్శనను దాని సొంత కొలతతో అంచనా వేయాలన్న సూత్రాన్ని తప్పెటగుళ్ళు, జముకుల కథ ఆధారంగా చర్చించండి.
2. స్థానిక సమీక్షకుడికి ఎదురయ్యే ఇబ్బందులను, వాటిని దాటే మార్గాలను వివరించండి.

II. 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. మానుష సిద్ధి, దైవ సిద్ధి.
2. విషయ ప్రాముఖ్యం, ప్రదర్శన నాణ్యత.

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊళ్ళో గాని, పక్క ఊళ్ళో గాని ఒక ప్రదర్శనను మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఆ కళ తెలిసిన ఒక పెద్దమనిషితో మాట్లాడండి. 300 పదాల సమీక్ష రాసి, అందులోని ప్రతి తీర్పు కిందా గీత గీసి, దాని ఆధారాన్ని పక్కన రాయండి. ఆధారం దొరకని తీర్పును కొట్టివేసి, మిగిలినదాన్ని అధ్యయన కేంద్రంలో మీ సహాధ్యాయులకు చదివి వినిపించండి.